చిట్టీ బాకీ, షెడ్డు కానుక: నేను చేసిన ఒక కేసు మొదటి నుంచి

మా చర్చి సంఘంల ఒకాయన ఒకామెకు చిట్టీ పైసలు బాకీ పడ్డడు, ఆమెను అక్క అని, ఆయనను తమ్ముడు అని రాస్త, ఆ గొడవ పాస్టర్‌గ నేను తేల్చిన కేసు ఇది. ముందే చెప్తున్న, ఈ కేసుల మొదటి సగం నేను తప్పుగ చేసిన. పేర్లు, ఊరు రాస్తలేను, లెక్కలు మాత్రం ఉన్నయి ఉన్నట్టు రాస్తున్న, లెక్కలు తీసేస్తే ఇందుల చెప్పనీకి ఏం మిగలదు. వరంగల్ నుంచి నర్సంపేట పోయే దిక్కు ఒక ఊర్ల మాది చిన్న సంఘం, 60 ఇండ్లుంటయి, సగం మంది మిర్చి, పత్తి చేసేటోళ్లు, కొందరు ఏనుమాముల మార్కెట్ల హమాలీలు, ఇద్దరు ముగ్గురు కాజీపేటల రైల్వే డ్యూటీ. నేను ఆడ 19 ఏండ్ల సంది పాస్టర్‌గ ఉన్న.

అక్క ఇంట్ల బట్టలు కుడ్తది, ఆమె భర్త ఏనుమాములల బస్తాలు మోస్తడు. 2021 జూన్‌ల ఆమె ఒక చిట్టీ షురు చేసింది, 2 లక్షల చిట్టీ, 20 మంది, నెలకు 10 వేలు. అండ్ల 13 మంది మా సంఘమోళ్లే. "మనోళ్లే గదా, రోజు ప్రార్థన చేసేటోళ్లే గదా" అని కాయితాలు కూడ సరిగ్గ రాసుకోలేదు. అక్టోబర్‌ల, అంటే ఐదో నెల, తమ్ముడు పాట పాడి చిట్టీ ఎత్తిండు. (వాళ్లిద్దరికి చుట్టరికం లేదు, సంఘంల అక్కా తమ్మీ అని పిలుసుకుంటరు, నేను కూడ గట్లనే రాస్త.) కొన్ని పైసలు మిర్చి పెట్టుబడికి, కొన్ని బిడ్డ పెండ్లి బాకీకి పోయినయి. జామీను సంతకం మా క్వయర్ల డ్రమ్స్ కొట్టే పిల్లగాడు పెట్టిండు, ఏం సంతకమో కూడ సదువలేదు, "అన్న పెట్టుమన్నడు, పెట్టిన" అన్నడు తర్వాత.

ఆ ఏడు మిర్చికి ఏమైందో మా దిక్కు ఎవర్ని అడిగినా చెప్తరు. నల్ల తామర పురుగు పడ్డది. పూతల జొచ్చి పూతంత రాల్చింది, ఎన్ని మందులు కొట్టినా ఆగలేదు, కొందరైతే తోట మొత్తం పీకేసి మక్క పెట్టుకున్నరు. మార్కెట్ల రేటు మస్తుంది, కోద్దామంటే చెట్టుకు కాయ లేదు. తమ్మునిది 2 ఎకరాల కౌలు. జనవరి దాక ఎట్లనో కట్టిండు, 2022 ఫిబ్రవరి నుంచి బంద్. మిగిలిన 12 నెలలది, పాటల తగ్గేటియి తీసేస్తే, తేలిన బాకీ 98 వేలు.

చిట్టీ నడిపేటోళ్ల కష్టం ఏందంటే ఒకడు కట్టకపోయినా ఆ నెల చిట్టీ ఎత్తినోళ్లకు టైంకి ఇయ్యాల్సిందే, లేకపోతే అందరు ఇంటి ముందట నిలవడ్తరు. అక్క 38 వేలు తన కుట్టుడు పైసలల్ల నుంచి, పొదుపు సంఘం లోన్ల నుంచి సర్దింది, 60 వేలు 2022 ఏప్రిల్‌ల మూడు రూపాయల మిత్తికి తెచ్చింది. నెలకు 1,800 మిత్తి. 14 నెలలు కట్టింది, 25,200 అయింది, అసలు 60 వేలు అట్లనే ఉంది.

2023 మార్చిల ఆమె భర్త నా దగ్గరికి వచ్చి "అయ్యగారూ, మీరు చెప్తరా, నేను పోయి వాని బండి గుంజుకరావాల్నా" అన్నడు. నేనేం చేసిన? తెల్లారి బైబిల్ పట్టుకొని అక్క ఇంటికి పోయిన. మత్తయి 18 తీసిన, పేతురు ఎన్నిసార్లు క్షమించాలె అని అడుగుడు, యేసు ప్రభువు "ఏడు మారులమట్టుకే కాదు, డెబ్బది ఏళ్ల మారుల మట్టుకు" అనుడు (ఏళ్ల అంటే ఈడ సంవత్సరాలు కాదు, ఏడులు), అంతా సదివి ప్రార్థన చేసి, చాయ తాగి వచ్చిన. ఇంటికొచ్చి మా ఆవిడతోని "సెట్ అయితది" అని కూడ అన్న. అక్క నాలుగు ఆదివారాలు చర్చికి రాలేదు.

ఐదో వారం మా ఆవిడ పోయి తీసుకొచ్చింది. ఆరాధన అయినంక నన్ను పక్కకు పిలిచి అడిగింది, "అయ్యగారూ, నాకు డెబ్బై ఏళ్ల మారులు చెప్పిండ్రు. మంచిదే. తమ్మునికేం చెప్పిండ్రు?"

ఏం చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, ఇది రాయనీకి ఇప్పటికీ సిగ్గయితది, 2022 డిసెంబర్‌ల చర్చి ముందట రేకుల షెడ్డు ఏసినప్పుడు తమ్ముడు 10 వేలు కానుక ఇచ్చిండు. నేను మైకుల పేరు సదివిన, అందరు చప్పట్లు కొట్టిండ్రు. అక్క ఆ రోజు మూడో వరుసల కూసొని ఉంది. అప్పటికి పది నెలల సంది ఆయన ఆమెకు రూపాయి కట్టలేదు. ఆ షెడ్డు కింద నీడ ఎవరి పైసలతోని వచ్చిందో ఆమెకు తెలుసు, నాకు తట్టలేదు, తట్టనియ్యలేదు అన్నా తప్పు లేదు.

ఆ రాత్రి మత్తయి 5:23, 24 మళ్ల సదివిన. వందసార్లు ప్రసంగం చేసిన వాక్యమది. బలిపీఠం దగ్గర అర్పణ అర్పిస్తున్నప్పుడు "నీమీద నీ సహోదరునికి విరోధమేమైనను కలదని" జ్ఞాపకమొస్తే అర్పణ ఆడనే ఇడిసిపెట్టి ముందు పోయి సమాధానపడుమంటడు ప్రభువు. నేను ఎప్పుడు చెప్పినా "ఎవరి మీదనన్న కోపముంటే క్షమించి రండి" అని చెప్పిన. వాక్యం అది కాదు. నీకు ఆయన మీద కోపముంటే అనలేదు, ఆయనకు నీ మీద ఉంటే అన్నది. అంటే లేవాల్సింది నష్టపోయినామె కాదు, నష్టం చేసినోడు, అదికూడ కానుక చేతుల పట్టుకొని నిలవడ్డ టైంల. నేను అర్పణ తీసుకున్న, మనిషిని పంపలేదు. మత్తయి 18 కూడ నేను మధ్యల నుంచి తీసిన, 21వ వచనం కంటె ముందు 15వ వచనముంది, తప్పు చేసిన సహోదరుని దగ్గరికి ఒంటరిగ పోయి తప్పు చూపించుమని, ఇనకపోతే ఒకరిద్దరిని తీసుకపొమ్మని. అక్క ఇవన్ని ముందే చేసింది, రెండుసార్లు వాళ్ల ఇంటికి ఒక్కతే పోయింది, ఒకసారి మరదలును తీసుకొని పోయింది. ఇగ "సంఘమునకు తెలియజెప్పుము" అన్న మెట్టు మీద ఆమె మా దగ్గరికి వచ్చింది, నేనేమో ఆమెనే వెనక్కి పంపిన.

(ఇక్కడొక మాట. ఈ కేసుల గొడవ డబ్బు గురించి గనక ఇట్ల సంఘంల కూసొని తేల్చుకున్నం. భర్త కొట్టుడు, పిల్లల మీద చెయ్యేసుడు లాంటి కేసు వస్తే నేను మత్తయి 18 తియ్య, పోలీస్ స్టేషన్‌కు తీసుకపోత. ఈ తేడా తెల్వక మా పాస్టర్లల్ల కొందరు చాన నష్టం చేసిండ్రు.)

తెల్లారి తమ్ముని దగ్గరికి పోయిన. ముందుగాల ఆయన అన్నది "అయ్యా, నేను కావాలని ఎగ్గొట్టిన్నా, పంట పోయింది గదా". అది నిజమే. నేను రోమా 13:8 తీసిన, "మరేమియు ఎవనికిని అచ్చియుండవద్దు". ఇక్కడ నవ్వొచ్చే సంగతొకటుంది, మా దిక్కు అచ్చి అంటే వచ్చి, "ఎప్పుడచ్చినవ్" అంటరు గదా, తమ్ముడు ఇన్నేండ్లు ఆ వాక్యాన్ని ఎవరింటికీ ఊకె పోయి కూసోవద్దు అన్నట్టు అనుకుంటున్నడట. అచ్చియుండుట అంటే బాకీ ఉండుడు అని చెప్తే కొద్దిసేపు సప్పుడు చేయలేదు. తర్వాత కీర్తన 37:21 సదివిన, "భక్తిహీనులు అప్పుచేసి తీర్చకయుందురు". ఆయనకు కోపమొచ్చింది, "నన్ను భక్తిహీనుడంటరా, ఉపవాస ప్రార్థనకు ఒక్కనాడు తప్పలేదు" అన్నడు. నేను అన్న, ఇయ్యలేకపోవుడు వేరు తమ్మీ, ఇయ్యకుంట తప్పించుకొని తిరుగుడు వేరు. అదే మత్తయి 18ల అప్పున్న దాసులు ఇద్దరున్నరు, పదివేల తలాంతుల అప్పున్నోడు, నూరు దేనారములున్నోడు, ఇద్దరు కాళ్ల మీద పడి అడిగింది మాఫీ కాదు, టైం. నాయెడల ఓర్చుకో, చెల్లిస్త అన్నరు. నువ్వు టైం అడిగినవా? అడగలేదు. అక్క ఇంటి ముందు నుంచి పోయే తొవ్వ ఇడిసిపెట్టి ఏడాదికి పైనుంచి చెరువు కట్ట మీదికెళ్లి చర్చికి వస్తున్నడు. నాకు ఆ మాట ఆయన భార్య చెప్పింది.

అక్కడ ఆయన కండ్లల్ల నీళ్లొచ్చినయి, కాని నేను దాన్ని మారుమనస్సు అనుకోలేదు. నా అనుభవంల కండ్లనీళ్లు సగం సిగ్గుతోని వస్తయి. లెక్క షురు అయినంకనే తెలుస్తది. పన్ను వసూలు చేసే జక్కయ్య కూడ నిలవడి నాలుగంతలు మళ్ల ఇస్త అని లెక్క చెప్పినంకనే, నేడు ఈ యింటికి రక్షణ వచ్చియున్నది అన్నడు ప్రభువు.

అందుకని నేను రెండో రాజులు 4ల ఎలీషా ప్రవక్త అడిగిందే అడిగిన. అప్పులోడు వచ్చి ఇద్దరు పిల్లల్ని తీసుకపోతా అంటుంటే ఆ విధవరాలిని ఎలీషా అడిగింది, నీ ఇంట్ల ఏమున్నది అని. మేం కూడ కూసొని రాసినం. రెండు బర్రెలు. ఒక సెకండ్ హ్యాండ్ బండి. ఒక ఫోన్, దాని మీద నెలకు 1,900 ఈఎంఐ. భార్యకు మిరపకాయలేరే సీజన్ల కూలి. బంగారం లేదు. ఒక బర్రె అమ్ముదాం అన్నడు ఆయన. భార్య "రెండు అమ్ముదాం, ఈ మాట పడుడు ఇగ నాతోని కాదు" అన్నది. నేను వద్దన్న. ద్వితీయోపదేశకాండం 24:6ల తిరుగలి రాయిని తాకట్టు పట్టొద్దని ఉంది, ఎందుకంటే అది మనిషి బతుకుదెరువు. వాళ్ల కొడుకు కాలేజీ ఫీజు పాల పైసలతోని నడుస్తది. ఒక బర్రె ఉండాలె. ఈ ముచ్చట అక్కకు చెప్తే ఆమె ఎంటనే ఒప్పుకుంది, "నేను బర్రె పాలు ఆపుమని ఎప్పుడన్నా అన్ననా" అన్నది. అసలు కేసుల మొదటిసారి మెత్తగ మాట్లాడింది అప్పుడే.

ఇగ ఎంత కట్టాలె అన్నది. ఇక్కడ రెండు వారాలు పోయినయి. తమ్ముడు అసలే కడ్త, 98 వేలు అన్నడు. అక్క భర్త మిత్తితోని కలిపి 1,23,200 అన్నడు. మా కమిటీల ఒక పెద్దాయన నిర్గమకాండం 22:25 తీసి "దేవుని ప్రజలు మిత్తి తీసుకోవద్దు" అన్నడు. వాక్యం కరెక్టే, కాని అక్క మిత్తి తీసుకుంటలేదు, మిత్తి కట్టింది, ఈయన కట్టనందుకు కట్టింది. ఇంకొకాయన నెహెమ్యా 5 గుర్తు చేసిండు, యెరూషలేము గోడ కట్టేటప్పుడు పేదోళ్లు పొలాలు, ద్రాక్షతోటలు కుదువ పెట్టుకొని ఏడ్సుడు, నెహెమ్యా పెద్దమనుషులను గద్దించి పొలాలతోని పాటు నూరో వంతు కూడ తిరిగి ఇప్పిచ్చుడు. ఆ నూరో వంతు నెలకని చాలమంది వ్యాఖ్యాతలంటరు. అంటే మన లెక్కల రూపాయి మిత్తి. నెహెమ్యాకు రూపాయి మిత్తికే అంత కోపమొచ్చింది, మా ఊర్ల విశ్వాసులు మూడు రూపాయలకు ఇస్తున్నరు, తెస్తున్నరు, ఆదివారం పక్కపక్కన కూసుంటున్నరు. ఆ మాట అన్నప్పుడు కమిటీల ఇద్దరు కిందికి చూసిండ్రు, ఎందుకో నేను అడగలేదు.

చివరికి లేవీయకాండం 6:5 దగ్గర ఆగినం. మోసంతోని తీసుకున్నదైనా, బలాత్కారంగ తీసుకున్నదైనా అసలు ఇచ్చి దాని మీద అయిదో వంతు కలపాలె, అపరాధ పరిహారార్థ బలి అర్పించే రోజే ఇయ్యాలె. మేం ధర్మశాస్త్రం కింద లేము అని నాకు తెలుసు, దాన్ని కొలకట్టె లెక్క వాడుకున్నం, అంతే. 98 వేలల్ల అయిదో వంతు 19,600, మొత్తం 1,17,600. అక్క భర్త అన్నదాని కంటె తక్కువ, తమ్ముడు అన్నదాని కంటె ఎక్కువ. ఇద్దరికీ పూర్తిగ నచ్చలేదు, ఇద్దరు ఒప్పుకున్నరు.

అసలు గొడవ మాత్రం షెడ్డు పైసల దగ్గర అయింది. ఆ 10 వేలు సంఘం వాపసు ఇయ్యాలె అని నేను అన్న. కమిటీల అయిదుగురిల ముగ్గురు లేచిండ్రు. "దేవునికి ఇచ్చింది వాపసు తీస్తమా? రేపు అందరు వచ్చి అడుగుతరు." నేను మార్కు 7 సదివిన, తల్లిదండ్రులకు అందాల్సింది "కొర్బాను, దేవార్పితము" అని చెప్పి వాళ్లకేమీ చేయకుంట తప్పించుకునేటోళ్లను ప్రభువు ఏమన్నడో. దేవుని పేరు పెట్టంగనే ఒకరికి ఇయ్యాల్సిన పైసలు దేవునియి అయిపోవు. ఒక పెద్దాయన మీటింగ్ల నుంచి లేచి పోయిండు, మూడు నెలలు నాతోని మాట్లాడలేదు. కాని ఇచ్చినం. నేరుగ అక్కకు ఇయ్యలేదు, తమ్ముని చేతికి ఇచ్చినం, ఆయన పోయి ఆమె చేతుల పెట్టాలె అని. ఆ ఆదివారం నేను మైకుల చెప్పిన, ఆ రోజు పేరు సదివింది నా తప్పు అని. చప్పట్లు ఎవరు కొట్టలేదు, మంచిదైంది.

2023 జూన్ చివర్ల కాయితం రాసుకున్నం. 10 వేలు ప్లస్ బర్రె అమ్మిన 42 వేలు, 52 వేలు అదే రోజు. మిగిలింది 65,600, నెలకు 3 వేలు, రెండో తారీఖు లోపట, తమ్ముడే స్వయంగ పోయి ఇయ్యాలె, ఫోన్‌పే వద్దు. ఈ ఫోన్‌పే వద్దన్నది నా పట్టుదల. ఫోన్ల కొడ్తే చెరువు కట్ట తొవ్వనే నడుస్తది. అక్క ఆ 52 వేలకు తనది 8 వేలు కలిపి మూడు రూపాయల అప్పు ఆ వారమే తీర్చేసింది.

జామీను పిల్లగాని సంగతి. సామెతలు 22:26ల "అప్పులకు పూటబడువారితోను చేరకుము" అని ఉంది, పూటబడుడు అంటే జామీను ఉండుడే, చెల్లించనీకి లేకపోతే నీ కింది పరుపు కూడ గుంజుకుపోతరు అని కూడ ఉంది. మరి పౌలు ఫిలేమోనుకు రాసినప్పుడు ఫిలేమోను దాసుడు ఒనేసిము అప్పు "నా లెక్కలో చేర్చుము", నా చేత్తోని రాస్తున్న, నేనే తీరుస్త అని జామీను పడ్డడు గదా అని ఆ పిల్లగాడే నన్ను అడిగిండు, మంచి ప్రశ్న. నాకు అర్థమైంది చెప్పిన, పౌలు ఏం రాస్తున్నడో తెలిసి రాసిండు, ఇయ్యాల్సొస్తే ఇచ్చేటట్టు రాసిండు, నువ్వు సదువకుంట సంతకం పెట్టినవు. కొత్త కాయితంల ఆయన పేరు తీసేసినం. పాత ప్రామిసరీ నోటు మీద అక్టోబర్ 2021 తారీఖు ఉంది, మూడేండ్లు దాటితే కోర్టుల నడువదు, అది కూడ అక్కకు చెప్పిన.

కోర్టు అంటే గుర్తొచ్చింది. మొదటి కొరింథీ 6ల విశ్వాసులు కోర్టులకెక్కుడు గురించి ఉంది, "అన్యాయము సహించుట" మేలు కాదా అని 7వ వచనం నష్టపోయినోళ్లకు అందరం సదివి వినిపిస్తం. 8వ వచనం సదువం. "మీరే అన్యాయము చేయుచున్నారు, అపహరించుచున్నారు, మీ సహోదరులకే యీలాగు చేయుచున్నారు" అని పౌలు తీసుకున్నోళ్ల దిక్కు తిరిగి అంటడు. ఇక అక్క పోలీసుల దగ్గరికి పోదామన్నా ఆమె చిట్టీకి రిజిస్ట్రేషన్ లేదు, 1982 చిట్ ఫండ్స్ చట్టం కింద అట్ల నడుపుడే నేరం. ఆమె తప్పు కూడ ఉంది. కాని ఆ ముచ్చట నేను మొదటి రోజు చెప్పలేదు, లెక్క సెట్ అయినంక నెలకు చెప్పిన, ముందే చెప్తే మళ్ల నష్టపోయినామెనే తిట్టినట్టు అయితది. ఆమె మళ్ల చిట్టీ పెట్టలేదు. సంఘంల మిగతావి రెండు చిట్టీలు నడుస్తున్నయి, వాటిగురించి చెప్పి చెప్పి అలిసిపోయిన.

తర్వాత అంతా సాఫీగ నడిచిందా అంటే లేదు. 2024ల వానాకాలం మూడు నెలలు తమ్ముడు కట్టలేదు, యూరియా, కౌలు, అన్ని ఒక్కసారి మీద పడ్డయి. తర్వాత భార్యకు డెంగీ వచ్చి రెండు నెలలు. కాని ఈసారి ఐదు నెలలల్ల ప్రతి రెండో తారీఖు పోయి అక్క ఇంటి ముందు నిలవడి "అక్కా, ఈ నెల కాదు" అని చెప్పిండు. అది చాన కష్టమట, పైసలు ఇచ్చుడు కంటె కష్టమట, నాతోని అన్నడు. ఆ టైంల సంఘం పిడికెడు బియ్యం వాళ్లింటికి పంపినం. వండే ముందు పిడికెడు బియ్యం పక్కకు తీసి ఆదివారం తెచ్చుడు మా దిక్కు పాత అలవాటు, మా అమ్మమ్మది డోర్నకల్ దగ్గరి ఊరు, 1912ల డోర్నకల్ బిషప్ అయిన అజరయ్య ముచ్చట్లు చెప్పుకుంటనే ఆమె బియ్యం తీసి పెట్టేది. ఈ బియ్యంల అక్క చెయ్యి కూడ ఉంది, ఆమె పిడికెడు కూడ అదే డబ్బాల పడ్తది, అది ఎవరింటికి పోయిందో ఆమెకు తెలుసు, అడగలేదు.

అక్క భర్త ఇప్పటికీ తమ్మునితోని మాట్లాడడు. నేను బలవంతం చేస్తలేను.

2025 ఫిబ్రవరి దాక 20 నెలలల్ల 15 సార్లు కట్టిండు, 45 వేలు. అప్పటికి ఇంకా 20,600 ఉండె. ఆ నెల రెండో తారీఖు 3 వేలతోని పాటు ఒక సంచి తెచ్చిండు, కొత్త మిరపకాయలు, ఎర్రగ ఎండినయి, 5 కిలోలు ఉంటయి. అక్క మిషన్ ఆపి సంచి దిక్కు చూసి అడిగిందట, "ఇది లెక్కల రాయాల్నా, ఊకెనే తెచ్చినవా తమ్మీ?" ఊకెనే అక్కా అన్నడట. మొన్న ఆ నోట్‌బుక్ నాకు చూపించింది. తారీఖు, 3 వేలు, సంతకం. దాని కింద అదే పెన్నుతోని, "మిరపకాయలు 5 కిలోలు. లెక్కకు కాదు."